బొమ్మ మారే నాణేలు: లోహం ధర వేరు, మోజు ధర వేరు

తిరుపతి యాత్రకు వెళ్ళి వచ్చినవారి ఇళ్ళలో ఒక తరహా పటం తరచు కనిపిస్తుంది. ఎడమవైపు నుంచి చూస్తే వేంకటేశ్వరస్వామి, కాస్త కుడివైపుకు జరిగి చూస్తే అలమేలుమంగ. బడిపిల్లల స్కేళ్ళ మీద కూడ ఇటువంటి బొమ్మలే ఉంటాయి. స్కేలును అటూ ఇటూ వంచితే పిల్లి కన్ను మూసి తెరుస్తుంది. కొద్దిపాటి సొమ్ముకు దొరికే ఈ తమాషా కొంతకాలంగా నాణేల మీదికి ఎక్కింది. జపాన్, బ్రిటన్, కెనడా మొదలైన దేశాల టంకశాలలు చేతిలో వంచితే బొమ్మ మారే నాణేలను ముద్రిస్తున్నాయి. వీటిలో కొన్ని బజారులో చెల్లే మామూలు నాణేలు. కొన్ని మేలిమి వెండి, బంగారు బిళ్ళలు. మరికొన్ని కేవలం సేకర్తల కోసం పెట్టెలో పెట్టి, ధ్రువపత్రం జతచేసి అమ్మేవి.

లండన్ నుంచో, టొరంటో నుంచో సెలవులకు వచ్చే బంధువులు పిల్లల చేతిలో పెట్టే బహుమతులలో ఇవి కూడ ఉంటున్నాయి. ఆ నాణెం కొంతకాలం బీరువాలో ఉంటుంది. తరువాత ఏదో అవసరం వచ్చి దానిని వెండి దుకాణానికి తీసుకువెళ్ళినపుడు చిక్కు మొదలవుతుంది. కొన్న రసీదులో ఒక ధర ఉంటుంది, దుకాణదారు కాటాలో వేసి చెప్పేది మరొక ధర. రెండింటి మధ్య తేడా చూసి ఇంటివారు నివ్వెరపోతారు. దుకాణదారు మోసం చేశాడని అనుకునేవారూ ఉన్నారు. చాలా సందర్భాలలో అందులో మోసమేమీ ఉండదు. మారే బొమ్మకు పెట్టిన ఖర్చు కాటాలో తూగదు, అంతే. కనుక బొమ్మ మారే నాణెం కొనేవారు, ఆ బొమ్మ అక్కడ ఎందుకు ఉన్నదన్న ప్రశ్నతో మొదలుపెట్టడం మంచిది. దొంగ నాణేలను అడ్డుకోవడానికి వేసిన బొమ్మ ఒక రకం. కన్ను మురిపించడానికి వేసిన బొమ్మ మరొక రకం. ధరలో ఈ రెండింటి దారులు వేరు.

మూడు విధాల పనితనం

బొమ్మ మారడం అన్న మాట ఒకటే అయినా దాని వెనుక పనితనం మూడు విధాలుగా ఉన్నది.

మొదటిది దాగుడు బొమ్మ. టంకశాలలవారు దీనిని లేటెంట్ ఇమేజ్ అంటారు. లోహం మీద అతి సన్నని గట్లు వరుసగా తీర్చుతారు. రేకుల కప్పును తలచుకుంటే సంగతి సులభంగా బోధపడుతుంది. ముడతల రేకును ఒక పక్క నుంచి చూస్తే గట్ల ఒక వాలు మాత్రమే కంటికి ఆనుతుంది, రెండవ పక్క నుంచి చూస్తే రెండవ వాలు ఆనుతుంది. ఒక వాలు మీద ఒక గుర్తు, రెండవ వాలు మీద ఇంకొక గుర్తు వచ్చేటట్లు అచ్చు చెక్కితే నాణెం వంచినపుడు ఒకటి మాయమై రెండవది కనిపిస్తుంది. ఇందులో రంగు లేదు, అతుకు లేదు. అంతా లోహమే. అచ్చు చెక్కడంలోనే పనితనమంతా ఉన్నది.

రెండవది హోలోగ్రామ్. దీని మూలసూత్రాన్ని హంగరీలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన డెనిస్ గాబర్ 1947లో కనిపెట్టారు. ఆ కృషికి 1971లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నాణెం మీద కనిపించే హోలోగ్రామ్‌లో గీతలు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటి మధ్య ఎడం మిల్లీమీటరులో సుమారు వెయ్యవ వంతు. అంత సన్నని గీతల మీద పడిన వెలుతురు విడిపోయి ఇంద్రధనుస్సు రంగులుగా కంటికి చేరుతుంది. పాటల కాంపాక్ట్ డిస్క్‌ను ఎండకు పట్టినపుడు కనిపించే రంగులు ఈ కోవలోనివే. 1983లో ఒక అంతర్జాతీయ క్రెడిట్ కార్డు సంస్థ తన కార్డుల మీద హోలోగ్రామ్ వేసిన నాటి నుంచి ఇది జనానికి పరిచయమైంది. మన రాష్ట్రాలలో మద్యం సీసాల మీద ఎక్సైజ్ శాఖవారు అంటించే లేబుల్ మీద మెరిసేది కూడ ఇదే.

మూడవది లెంటిక్యులర్. యాత్రాస్థలాల పటాలు, పిల్లల స్కేళ్ళు ఈ తరగతిలోనివి. రెండు మూడు బొమ్మలను సన్నని పట్టీలుగా కోసి ఒకదాని పక్కన ఒకటి అల్లినట్లు అచ్చువేసి, దాని మీద గాడులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అమర్చుతారు. ఒక్కొక్క గాడి ఒక్కొక్క చిన్న భూతద్దంలా పనిచేసి, చూసే కోణాన్ని బట్టి ఒక్కొక్క బొమ్మను చూపుతుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాబ్రియల్ లిప్‌మన్ 1908లో ప్రతిపాదించిన ఆలోచనలో ఈ పద్ధతికి మూలాలున్నాయి. నాణెం మీద దీనిని వాడినపుడు, బొమ్మ ఉండేది లోహంలో కాదు, దానికి అతికించిన ప్లాస్టిక్ బిళ్ళలో. కొనేవారు ఈ తేడాను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

జపాన్‌కు తగిలిన దెబ్బ

దాగుడు బొమ్మ నాణెం మీదికి ఎందుకు వచ్చిందో తెలియాలంటే జపాన్ అనుభవాన్ని చూడాలి. జపాన్ 1982లో 500 యెన్ల నాణెం విడుదల చేసింది. రాగి, నికెల్ కలిసిన లోహం, అడ్డుకొలత 26.5 మిల్లీమీటర్లు, బరువు 7.2 గ్రాములు. అదే సంవత్సరం దక్షిణ కొరియా 500 వాన్ల నాణెం విడుదల చేసింది. అదే మిశ్రమ లోహం, అదే అడ్డుకొలత, బరువు మాత్రం 7.7 గ్రాములు. విలువలో మాత్రం కొరియా నాణెం జపాన్ నాణెంలో సుమారు పదవ వంతు.

తేడా అర గ్రాము. ఆ అర గ్రామును తొలిచివేస్తే చాలునని మోసగాళ్ళు కనిపెట్టారు. కొరియా నాణేలకు చిన్న గుంటలు తొలిచి, బరువు తగ్గించి, జపాన్‌లో వీధి వీధినా ఉండే అమ్మకపు యంత్రాలలో వేయసాగారు. వేసిన తరువాత సరుకు అక్కరలేదన్నట్లు వాపసు మీట నొక్కితే, యంత్రం తన పెట్టెలోని అసలైన 500 యెన్ల నాణెం తిరిగి ఇచ్చేది. యాభై యెన్ల పెట్టుబడికి అయిదు వందల యెన్లు. యంత్రానికి కన్ను లేదు. బరువు, కొలత, లోహం సరిపోతే చాలు, అది నమ్ముతుంది. 1990 దశకం చివరకు బెడద ముదిరి, చాలా యంత్రాలు 500 యెన్ల నాణేన్ని తీసుకోవడమే మానివేశాయి.

2000 సంవత్సరం ఆగస్టులో జపాన్ నాణేన్ని మార్చింది. లోహాన్ని రాగి, జింకు, నికెల్ కలిసిన పసుపు మిశ్రమంగా మార్చి, బరువును 7 గ్రాములకు తగ్గించి, అంచు గీతలను ఏటవాలుగా వేసింది. యంత్రం కోసం చేసిన మార్పులివి. మనిషి కంటి కోసం 500 అంకెలోని సున్నాల లోపల దాగుడు బొమ్మ పెట్టింది. నాణేన్ని వంచి చూస్తే ఆ సున్నాలలో 500 యెన్లు అన్న అక్షరాలు తేలుతాయి. 2021 నవంబరు 1న మరొక కొత్త నాణెం వచ్చింది. దీనిలో రెండు రంగుల లోహాలు ఉన్నాయి, బరువు 7.1 గ్రాములు. సున్నాలలోని దాగుడు బొమ్మ కూడ మారింది. పైనుంచి వంచి చూస్తే జపాన్ అనీ, కింది నుంచి చూస్తే 500 యెన్ అనీ ఆంగ్ల అక్షరాలలో కనిపిస్తుంది.

సేకర్తల దృష్టిలో 1982, 2000, 2021 నాణేలు మూడూ కలిస్తే ఒక పూర్తి కథ. దీనికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. జపాన్ వెళ్ళి వచ్చేవారి చేత చిల్లరలో తెప్పించుకోవచ్చు. ఖర్చు ముఖవిలువకు మించదు. ఈ మోజులోకి కొత్తగా దిగేవారికి ఇంతకంటె చవకైన దారి లేదని చెప్పవచ్చు.

పన్నెండు అంచుల పౌండు

బ్రిటన్‌లో గుండ్రని ఒక పౌండు నాణెం 1983లో చలామణికి వచ్చింది. సుమారు ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి దొంగ నాణేల బెడద పెరిగిపోయింది. 2014 నాటికి చలామణిలో ఉన్న పౌండు నాణేలలో సుమారు నూటికి మూడు నకిలీవని అక్కడి రాయల్ మింట్ లెక్క తేల్చింది. నూటికి మూడు అంటే తక్కువే అనిపించవచ్చు. కాని రోజుకు రెండు మూడు వందల పౌండు నాణేలు గల్లాపెట్టెలో పడే చిన్న దుకాణదారుకు అది రోజువారీ నష్టం. దొంగ నాణేన్ని తెలిసి మరొకరికి అంటగట్టడం నేరం. బ్యాంకుకు తీసుకువెళితే దానికి బదులు మరొకటి ఇవ్వరు.

2017 మార్చి 28న పన్నెండు అంచుల కొత్త పౌండు విడుదలైంది. వెలుపల పసుపు వలయం, లోపల తెల్లని బిళ్ళ, బరువు 8.75 గ్రాములు. రాణి ముఖచిత్రం కింద దాగుడు బొమ్మ ఉన్నది. ఒక కోణం నుంచి పౌండు గుర్తు, మరొక కోణం నుంచి 1 అంకె కనిపిస్తాయి. అంచు లోపల భూతద్దానికి మాత్రమే అందేటంత చిన్న అక్షరాలు కూడ ఉన్నాయి. పాత గుండ్రని పౌండు 2017 అక్టోబరు 15తో చెల్లుబాటు కోల్పోయింది.

ఈ మార్పు సేకర్తలకు రెండు అరుదైన వస్తువులను మిగిల్చింది. కొత్త నాణెం రాకముందే అమ్మకపు యంత్రాలు తయారుచేసే సంస్థలకు పరీక్ష కోసం కొన్ని నమూనా నాణేలు ఇచ్చారు. అవి చెల్లే నాణేలు కావు. అయినా కొన్ని చేతులు మారి సేకర్తల బజారుకు చేరాయి. రెండవది, ఒక పక్క పెద్ద అక్షరాలలో 2016 అని ఉండి రెండవ పక్క సూక్ష్మాక్షరాలలో 2017 అని ఉన్న పొరపాటు నాణేలు. ఇటువంటి వాటికి ముఖవిలువ కంటె అనేక రెట్లు పలుకుతుంది. ఆ ధర తెచ్చేది మారే బొమ్మ కాదని ఇక్కడ గమనించాలి. ఆ బొమ్మ కోట్ల కొలది పౌండు నాణేలన్నిటి మీదా ఉన్నదే. ధర తెచ్చింది కొరత.

మన పది రూపాయల నాణెం

మన దేశంలో వంచి చూసే గుర్తులు ఎక్కువగా నోట్ల మీద కనిపిస్తాయి. 1996లో మొదలైన మహాత్మా గాంధీ వరుస నోట్లలో, నోటును కంటికి సమంగా పట్టి చూస్తే విలువ అంకె తేలే దాగుడు బొమ్మ ప్రవేశపెట్టారు. 2016 తరువాత వచ్చిన కొత్త 500 రూపాయల నోటులో, నోటును వంచితే ఆకుపచ్చ నుంచి నీలం రంగుకు మారే భద్రతా దారం ఉన్నది. బ్యాంకు క్యాషియరు నోటును ఒకసారి అటూ ఇటూ ఆడించి చూసేది ఇందుకే.

నాణెం మీద ఇటువంటి గుర్తు ఉంటే సామాన్యునికి కలిగే మేలు ఎంతటిదో పది రూపాయల నాణెం ఉదంతాన్ని బట్టి ఊహించవచ్చు. కొన్నేళ్ళ కిందట రెండు తెలుగు రాష్ట్రాలలోను, ఇంకా అనేక చోట్లా, పది రూపాయల నాణెం చెల్లదని వదంతి పుట్టింది. రూపాయి గుర్తు ఉన్నది అసలు, లేనిది నకిలీ అని ఒకరు, గీతలు పది ఉంటే అసలు, పదిహేను ఉంటే నకిలీ అని మరొకరు చెప్పసాగారు. బస్సు కండక్టరు తీసుకోడు, కిరాణా కొట్టులో తీసుకోరు, కూరగాయల బజారులో తీసుకోరు. అసలైన నాణెమే ఇంటి మూల డబ్బాలో పడి ఉండిపోయింది. చివరకు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన చేస్తూ, వేర్వేరు కాలాలలో విడుదలైన 14 నమూనాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని స్పష్టం చేయవలసి వచ్చింది. అయినా కొన్ని ఊళ్ళలో అనుమానం వెంటనే తీరలేదు.

జపాన్‌లో నకిలీని అసలనుకుని నష్టపోయారు. మన వద్ద అసలును నకిలీ అనుకుని నష్టపోయారు. రెండు చోట్లా కావలసినది ఒకటే, చదువు లేనివారు సైతం నాణేన్ని చేతిలో వంచి తేల్చుకోగల ఒక గుర్తు. దాగుడు బొమ్మకు అసలు విలువ ఇక్కడ ఉన్నది.

బులియన్ నాణేలలో కొత్త కాపలా

వెండి, బంగారు వర్తకులకు ఎక్కువ ఉపయోగించే సంగతి ఇది. పెట్టుబడి కోసం కొనే ఔన్సు నాణేల మీద కూడ ఇప్పుడు వంచి చూసే గుర్తులు వచ్చాయి. బులియన్ వర్తకంలో ఔన్సు అంటే ట్రాయ్ ఔన్సు, అనగా 31.1 గ్రాములు.

బ్రిటన్ రాయల్ మింట్ 2021 నుంచి తన బ్రిటానియా బులియన్ నాణేలకు నాలుగు కాపలాలు పెట్టింది. ఒక మూల దాగుడు బొమ్మలో త్రిశూలం, వంచితే అది తాళంకప్పగా మారుతుంది. బ్రిటానియా బొమ్మ వెనుక సముద్రపు అలలు, నాణెం కదిలిస్తే కదలినట్లు కనిపిస్తాయి. అంచు చుట్టూ సూక్ష్మాక్షరాలు ఉన్నాయి. డాలు మీద జెండా రంగులను సూచించే సన్నని గీతలు నాలుగవది. ఇవన్నీ లేజరుతో అచ్చు మీద చెక్కినవే. నాణెంలో వెండి 99.9 శాతం, బంగారు నాణెంలో అయితే 99.99 శాతం.

కెనడా టంకశాల వెండి మేపుల్ ఆకు నాణెం 99.99 శాతం స్వచ్ఛత గలది. 2014 నుంచి దాని నేల మీద మధ్య నుంచి అంచుల వైపుకు పరచుకునే సన్నని గీతలు వేస్తున్నారు. వెలుతురులో తిప్పితే ఈ గీతల మీద మెరుపు చక్రంలా తిరుగుతుంది. పెద్ద ఆకు పక్కన లేజరు తీసిన చిన్న ఆకు ఒకటి ఉన్నది. భూతద్దంలో చూస్తే ఆ చిన్న ఆకు నడుమ ముద్రించిన సంవత్సరపు చివరి రెండు అంకెలు కనిపిస్తాయి.

ఇటువంటి నాణెం వచ్చినపుడు చేయవలసిన పరీక్ష క్లిష్టమేమీ కాదు. మొదట బరువు చూడాలి. ఔన్సు నాణెం 31.1 గ్రాములు తూగాలి. తరువాత అడ్డుకొలత. వెండి మేపుల్ 38 మిల్లీమీటర్లు, వెండి బ్రిటానియా 38.61 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అంటుకోకూడదు. ఆ తరువాత దీపం కింద పట్టి వంచి చూడాలి. త్రిశూలం తాళంగా మారాలి, ఆకు మెరుపు తిరగాలి. చివరకు పది రెట్ల భూతద్దం. ఈ అయిదు పరీక్షలలో నెగ్గని నాణేన్ని గీటురాయి పరీక్షకో, యంత్ర పరీక్షకో పంపకుండా కొనడం తెలివైన పని కాదు.

ఈ కాపలాల కోసం టంకశాల పెట్టే ఖర్చు లక్షలాది నాణేల మీద పంచుకుపోతుంది. కనుక ఒక్కొక్క నాణెం మీద పడే భారం స్వల్పం. కొనేవారు చెల్లించేది ప్రధానంగా లోహం ధరే. మరల అమ్మేటపుడు కూడ ఆ గుర్తులు నాణెం నిజమైనదని రుజువు చేసి అక్కరకు వస్తాయి.

సేకర్తల నాణెం ధర లెక్క

సేకర్తల కోసమే తీసిన నాణేల సంగతి వేరు. కెనడా టంకశాల 2000 నుంచి 2003 వరకు రవాణా సాధనాల వరుస ఒకటి తెచ్చింది. స్టెర్లింగ్ వెండితో చేసిన ఈ 20 డాలర్ల నాణేల మీద ఓడలు, రైలింజన్లు, మోటారు బండ్లు వంటి వాహనాలు ఉన్నాయి. ఒక్కొక్క నాణెంలో చిన్న హోలోగ్రామ్ కిటికీ అమర్చారు. అదే టంకశాల 2010లో డాస్ప్లెటోసారస్ అనే రాకాసి బల్లి బొమ్మతో 50 సెంట్ల లెంటిక్యులర్ నాణెం తెచ్చింది. ఇవి కాక నియూ, కుక్ దీవులు, పలావు వంటి చిన్న దీవుల పేరుతో ఇతర దేశాల టంకశాలలు ముద్రించే నాణేలలోను రంగులు, హోలోగ్రామ్‌లు, ప్లాస్టిక్ పొరలు విరివిగా కనిపిస్తాయి. నాణెం మీద పేరున్న దీవిలో వాటిని బజారు సరుకులకు వాడేవారు అరుదు.

వీటి ధరను మూడు పాళ్ళుగా విడదీసి చూడాలి. ఒకటి లోహం, రెండు పనితనం, మూడు కొరత. నగల భాషలో చెప్పుకుంటే మొదటిది బంగారం, రెండవది మజూరీ, మూడవది మోజు. నగ అమ్మబోతే మజూరీ తిరిగి రాదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. నాణెం విషయంలో మాత్రం ఆ సంగతి మరచిపోతున్నారు.

లెక్క సులువు కోసం ఔన్సు వెండి ధర 100 అనుకుందాం. మామూలు బులియన్ నాణెం 110కి దొరికిందనీ, హోలోగ్రామ్ వేసిన సేకర్తల నాణెం 300కు దొరికిందనీ అనుకుందాం. రెండింటిలోను ఔన్సు మేలిమి వెండే ఉన్నది. వెండి దుకాణదారు తన లాభం, కరగబెట్టే ఖర్చు పోను రెండింటికీ 95 చొప్పున ఇస్తాడు. మొదటిదానిలో నష్టం 15. రెండవదానిలో నష్టం 205. రెండవ నాణేన్ని లోహంగా అమ్మి పెట్టుబడి రాబట్టుకోవాలంటే వెండి ధర మూడు రెట్లకు పైగా పెరగాలి. ఆ మధ్యకాలంలో మొదటి నాణెం దాచుకున్నవాడు మంచి లాభం గడించి ఉంటాడు. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే అయినా లెక్క నడిచే తీరు ఎప్పుడూ ఇదే.

సేకర్తకే అమ్మితే ఎక్కువ రావచ్చు గదా అన్న ప్రశ్న సహజం. రావచ్చు. అయితే ఆ సేకర్త ఎవరు, ఎక్కడున్నాడు అన్నది చూసుకోవాలి. కెనడా రైలింజను నాణేనికి గిరాకీ కెనడాలో ఉంటుంది. విజయవాడలోనో, వరంగల్లులోనో కొనేవాడిని వెదకడం కష్టం. విదేశాలకు పంపి అమ్మించాలంటే తపాలా, బీమా, వేలంశాల రుసుము కలిసి లాభాన్ని తినివేస్తాయి. విదేశాల నుంచి తెప్పించుకునేవారు దిగుమతి సుంకం, జి.ఎస్.టి. ఎంత పడుతుందో ముందే తెలుసుకోవాలి. దానిని కూడ కొన్న ధరలో కలిపి చూసుకోవాలి.

ధ్రువపత్రంలో ఇన్ని వేల నాణేలు మాత్రమే ముద్రించామని ఉంటుంది. ఆ అంకె చిన్నదైనంత మాత్రాన ధర పెరగదు. కావాలనుకునేవారి సంఖ్య ఆ అంకె కంటె ఎక్కువగా ఉండాలి. ఒకే టంకశాల ఏటా కొత్త కొత్త వరుసలు విడుదల చేస్తూ పోతే, సేకర్తల డబ్బు కొత్తవాటి వైపు మళ్ళి పాతవి మందకొడిగా పడి ఉంటాయి. ఏ సరుకు బజారులోనైనా ఉన్న సూత్రమే ఇది. రాబడి విరివిగా ఉంటే ధారణ నిలవదు.

ముఖవిలువను చూసి ధైర్యపడటం కూడ పొరపాటు. ఔన్సు వెండి మేపుల్ మీద 5 డాలర్లని, వెండి బ్రిటానియా మీద 2 పౌండ్లని ఉంటుంది. లోని వెండి విలువ అంతకంటె చాలా ఎక్కువ. ఆ అంకె నాణేనికి ప్రభుత్వ ముద్ర ఉన్నదని చెప్పడానికే పనికి వస్తుంది గాని ధర చెప్పడానికి పనికిరాదు.

చింతపండు తగలకూడదు

వీటిని దాచే పద్ధతి కూడ ధరకు సంబంధించినదే. మన ఇళ్ళలో పండుగ వస్తే వెండి సామాను విభూతితోనో, రాగి, ఇత్తడి చింతపండుతోనో తోమడం వాడుక. బొమ్మ మారే నాణేన్ని ఒక్కసారి అలా తోమితే చాలు, వెంట్రుక కంటె సన్నని ఆ గట్లు అరిగి బొమ్మ ఇక మారదు. మెత్తటి గుడ్డతో గట్టిగా రుద్దినా ప్రమాదమే. వేలి చెమట పడితే హోలోగ్రామ్ మీద మరక నిలిచిపోతుంది. కనుక నాణేన్ని అంచులు పట్టుకుని మాత్రమే ఎత్తాలి.

మెత్తని పి.వి.సి. సంచులలో ఏళ్ళ తరబడి ఉంచితే ఆ ప్లాస్టిక్ నుంచి ఊరే పదార్థం నాణేనికి ఆకుపచ్చని జిగటగా పట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బీ మేలు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తేమ ఎక్కువ గనుక పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, అప్పుడప్పుడు మార్చాలి. లెంటిక్యులర్ నాణేలను ఎండ తగిలే చోట అలంకారంగా పెట్టకూడదు. లోహం వందేళ్ళు నిలుస్తుంది గాని దాని మీది ప్లాస్టిక్, జిగురు అంతకాలం నిలుస్తాయని నమ్మకం లేదు. కొన్ని వెండి బులియన్ నాణేల మీద కాలక్రమాన పాలచుక్కల వంటి తెల్లమచ్చలు తేలుతాయి. లోహానికి దానివల్ల లోటు లేదు. సేకర్త మాత్రం ధర తగ్గించి అడుగుతాడు.

పెట్టె, ధ్రువపత్రం, రసీదు మూడూ కలిపి ఉంచాలి. అవి లేని సేకర్తల నాణెం బజారులో వట్టి లోహపు బిళ్ళగా మారే ప్రమాదం ఉన్నది.

కొనేముందు

ఇన్ని చెప్పినంత మాత్రాన ఈ నాణేలు కొనరాదని కాదు. మనవడి పుట్టినరోజుకు, విదేశయాత్ర గుర్తుకు, లేదా లోహం మీద వెలుతురు ఆడే వింతను చూసి ఆనందించడానికి కొనేవారు తమ డబ్బుకు తగిన ప్రతిఫలం అప్పటికప్పుడే పొందుతున్నారు. సినిమా చూసి వచ్చి టిక్కెట్టు సొమ్ము తిరిగి రాలేదని ఎవరూ విచారించరు. చిక్కల్లా కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో దాచుకున్న సొమ్మును మెరిసే బొమ్మలో పెట్టి, అవసరం వచ్చిన నాడు అంతకంత చేతికి వస్తుందని నమ్మినపుడే వస్తున్నది.

అటువంటివారు కొనేముందు దుకాణదారును రెండు మాటలు అడిగితే చాలు. ఇందులో మేలిమి ఎన్ని గ్రాములు? ఇదే నాణేన్ని ఇవాళే మీకు తిరిగి అమ్మితే ఎంత ఇస్తారు? మొదటి జవాబును ఆనాటి వెండి ధారణతో గుణించి, రెండవ జవాబు పక్కన పెట్టి చూసుకోవాలి. అడిగిన ధరకూ ఆ రెండు అంకెలకూ మధ్య మిగిలినదంతా మారే బొమ్మ ఖరీదు. ఆ ఖరీదు తనకు ఇష్టమే అనుకున్నవారు నిశ్చింతగా కొనవచ్చు.